మోడల్ చెప్పిన వాన అంకెని ఎంతవరకు నమ్మొచ్చు: వాతావరణ, సముద్ర మోడళ్లలో ప్యారామీటర్ అనిశ్చితిని లెక్కగట్టే పద్ధతి, మొదటి నుంచి చివరిదాక

2023 జులై 27 పొద్దున ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన పడ్డది, పక్కన భూపాలపల్లి జిల్లా చిట్యాలలో 616.5. మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది, జనం ఇండ్లపైకెక్కి ప్రాణాలు అరచేతిలో పెట్టుకొని కూర్చున్నరు. మాది హనుమకొండ. అప్పటి నుంచి ఇటువైపు వాతావరణం మీద పనిచేసే పిల్లలు ఎవరు కలిసినా ఆ వానని డబ్ల్యూఆర్ఎఫ్ అనే వాతావరణ మోడల్‌లో నడిపి చూస్తున్నం అంటరు, ఒక్క రన్ నడుపుతరు, మ్యాప్ మీద ఒక ఎర్రమచ్చ వస్తది, "మోడల్ ఇంత చూపించింది" అని థీసిస్‌లో రాసుకుంటరు.

ఆ అంకె వెనకాల మోడల్ కోడ్‌లో ఎవరో ఎప్పుడో పెట్టిపోయిన స్థిరాంకాలు పదుల కొద్దీ ఉంటయ్. అందులో ఒక్కదాన్ని జర అటు ఇటు చేస్తే ఎర్రమచ్చ ఏటూరునాగారం అడవిలోకి జరగొచ్చు, లేదంటే సగానికి సగం పడిపోవచ్చు. ఏ స్థిరాంకం ఎంత ఊపుతది అన్నది తెల్వకుండా ఒక్క అంకె చెప్పడం నాకైతే తప్పనిపిస్తది, ఎందుకంటే ఆ అంకె చూసి చెరువు తూము ఎత్తాల్నా వద్దా అని ఆలోచించే మనిషి ఇంకో చివర ఉంటడు. అందుకే నేను నేర్చుకున్నదంతా వరుసగా రాస్తున్న. ఎమ్మెస్సీ స్థాయి లెక్కలు, కొంచెం పైథాన్, ఒక వర్క్‌స్టేషన్ ఉంటే చాలు.

ముందు ఒక తేడా తెలుసుకోండి

మోడల్ తప్పు చెప్పడానికి మూడు దారులు. మొదటిది ఇనిషియల్ కండిషన్, అంటే మొదలుపెట్టిన రోజు గాలి, తేమ, ఉష్ణోగ్రత మనకి సరిగ్గా తెలియకపోవడం. రెండోది స్ట్రక్చర్, అంటే మేఘాన్ని లెక్కించే పద్ధతే సరిగ్గా లేకపోవడం. మూడోది ప్యారామీటర్, పద్ధతి బాగానే ఉంది గానీ అందులోని అంకె ఎంతో ఖచ్చితంగా తెలియదు. భారత వాతావరణ శాఖ 2018 జూన్‌లో 12 కిలోమీటర్ల గ్రిడ్ మీద 21 మెంబర్ల ఎన్సెంబుల్ మొదలుపెట్టింది, అంటే కొంచెం కొంచెం తేడాతో ఒకే మోడల్‌ని 21 సార్లు నడపడం. అట్లాంటి ఎన్సెంబుల్స్ ప్రధానంగా మొదటి దారిని చూస్తయ్. ఇక్కడ మన పని మూడోదానితో. కానీ మిగతా రెండూ పక్కకి పోవు, ప్రతి మెట్టు దగ్గర వచ్చి కాళ్లకి అడ్డం పడుతనే ఉంటయ్.

ప్యారామీటర్లు అసలెందుకు ఉన్నయ్ అంటే గ్రిడ్ వల్ల, మోడల్ గాలినంతా పెట్టెలుగా కోసుకొని లెక్కగడతది. 9 కిలోమీటర్ల పెట్టెలో ఒక్కటే ఉష్ణోగ్రత, ఒక్కటే తేమ. ఒక క్యుములస్ మేఘం ఆ పెట్టె కంటే చిన్నది, వాన చుక్కైతే చెప్పనక్కర్లేదు. పెట్టెలో కనిపించని దాన్నంతా ఒక ఫార్ములాతో అంచనా కట్టాలె, ఆ ఫార్ములాలో అంకెలుండాలె.

స్టెప్ 1: ఏ అంకె గురించి అడుగుతున్నరో తేల్చుకోండి

"మోడల్ సెన్సిటివిటీ ఎంత", అంటే ప్యారామీటర్ మారిస్తే ఫలితం ఎంత కదులుతది అని ఊరికే అడిగితే జవాబు రాదు. దేని సెన్సిటివిటీ అన్నది ముందు రాసిపెట్టుకోవాలె. లక్ష్మీదేవిపేట పాయింట్ మీద పడ్డ వాన అని పెట్టుకోకండి, ఎందుకంటే మోడల్ మేఘాన్ని పదిహేను కిలోమీటర్లు పక్కకి వేస్తే ఆ పాయింట్ దగ్గర సున్నాకి దగ్గరగా వస్తది, మీరు ప్యారామీటర్ పాడుచేసిందనుకుంటరు, నిజానికి వాన మొత్తం బాగానే వచ్చి ఉంటది. మ్యాప్ మీద ఒక పెద్ద పెట్టె గీయండి, ములుగు, భూపాలపల్లి, హనుమకొండ, వరంగల్ అన్నీ వచ్చేటట్టు. దానిమీద సగటు వాన ఒకటి, పెట్టెలో ఎక్కడైనా సరే వచ్చిన గరిష్ఠం ఒకటి, 200 మిల్లీమీటర్లు దాటిన విస్తీర్ణం ఒకటి, వాన ఎక్కువగా కురిసిన గంట ఏదన్నది ఒకటి. నాలుగు చాలు. ఒకే ప్యారామీటర్ సగటుని కదపకుండా గరిష్ఠాన్ని మాత్రం మస్తు కదపొచ్చు, అది తెలియడమే అసలు లాభం.

ఇక్కడే ఇంకో మాట, చాలామంది కాలు జారేది ఈ చోటే. మన దగ్గర రోజు వాన లెక్క పొద్దున ఎనిమిదిన్నర నుంచి మర్నాడు పొద్దున ఎనిమిదిన్నర దాక. మోడల్ టైమ్ మాత్రం గ్రీన్‌విచ్ లెక్కలో ఉంటది, అంటే మన ఎనిమిదిన్నర దానికి మూడు గంటలు. సున్నా గంటల నుంచి సున్నా గంటల దాక కూడి పోలిస్తే మూడు గంటల వాన వేరే రోజులో పడిపోతది. రాత్రంతా కురిసి తెల్లారుజామున ఆగని వాన విషయంలో అది చిన్న తప్పు కాదు.

స్టెప్ 2: ప్యారామీటర్ల లిస్ట్, వాటి రేంజ్

నా లెక్కలో పనిలో సగం బరువు ఇక్కడే ఉంటది. మిగతావన్నీ కంప్యూటర్ చేస్తది, ఇది మాత్రం మీరు చదివి, ఆలోచించి, అడిగి పెట్టుకోవాలె.

డబ్ల్యూఆర్ఎఫ్‌లో కెయిన్-ఫ్రిష్ క్యుములస్ పద్ధతి, అంటే పెట్టెలో కనిపించని మేఘాల్ని అంచనా కట్టే ఒక ఫార్ములా, వాడుతున్నరనుకోండి. అందులో పైకి లేచే గాలిస్తంభం చుట్టుపక్కల పొడిగాలిని ఎంత లోపలికి లాక్కుంటదన్నది ఒక అంకె, దీన్నే ఎంట్రైన్‌మెంట్ అంటరు, కోడ్‌లో 0.03 అనే స్థిరాంకం, దాన్ని స్తంభం వ్యాసార్థంతో భాగిస్తరు, ఆ వ్యాసార్థం 1000 నుంచి 2000 మీటర్ల మధ్యలో పెట్టి ఉంటది. వాతావరణంలో పేరుకున్న కేప్ శక్తిని, అంటే గాలిని పైకి లేపే శక్తిని, ఎంత సేపట్లో ఖర్చు చేయాలన్నది ఇంకోటి, అరగంట నుంచి గంట మధ్య. మైక్రోఫిజిక్స్‌లోకి, అంటే మేఘం లోపల చుక్కలు, మంచు తయారయ్యే లెక్కలోకి పోతే వాన చుక్కల సైజులు ఎట్ల పంచాలో చెప్పే ఇంటర్‌సెప్ట్, మార్షల్, పామర్ ఇద్దరూ 1948లో ఇచ్చిన 80 లక్షలు అనే అంకెని ఇప్పటికీ చాలా పద్ధతులు అట్లనే వాడుతున్నయ్. ఆ అంకె కెనడాలో కొలిచిన వానలోంచి వచ్చింది. మన రుతుపవనాల వాన చుక్క, ఏప్రిల్‌లో మామిడికాయలు రాల్చే గాలివాన చుక్క, రెండూ ఒక తీరుగా ఉండయ్, ఆ సంగతి వానలో తడిసిన ఎవరికైనా తెలుసు. అంటే ఆ అంకెకి రేంజ్ ఇవ్వాలె. మంచుగుళ్లు, గ్రాపెల్ (మెత్తటి మంచుగుళికలు) ఎంత స్పీడుతో కిందికి దిగుతయ్ అన్నది, భూమి మీద మట్టి రకం, ఆకుల రంధ్రాల నిరోధం, సముద్రం మీద గరుకుదనం చెప్పే చార్నాక్ అంకె, ఇవన్నీ లిస్ట్‌లోకి వస్తయ్.

అయితే గ్రిడ్ చూసుకోండి. లోపలి డొమైన్ 3 కిలోమీటర్లు అయితే అందులో క్యుములస్ పద్ధతిని సాధారణంగా ఆపేస్తరు. అప్పుడు కెయిన్-ఫ్రిష్ అంకెలు బయటి డొమైన్ నుంచి వచ్చే గాలి ద్వారా మాత్రమే పనిచేస్తయ్, పెత్తనమంతా మైక్రోఫిజిక్స్‌కి, బౌండరీ లేయర్ (నేలకి ఆనుకున్న గాలిపొర) లెక్కకి పోతది. అందుకే ఎవరో 27 కిలోమీటర్ల మీద చేసి "ఇదే ముఖ్యమైన ప్యారామీటర్" అని చెప్పింది పట్టుకొచ్చి మీ 3 కిలోమీటర్ల పని మీద పెట్టకండి.

రేంజ్ పెట్టేటప్పుడు మూడు చోట్ల నుంచి ఆధారం తీసుకోవచ్చు: కొలతలు, ఫిజిక్స్ పెట్టే హద్దులు, ఆ పద్ధతి రాసిన మూల పేపర్లో వాళ్లే ఒప్పుకున్న సందేహం. "డీఫాల్ట్‌కి అటు పది శాతం, ఇటు పది శాతం" అని అన్నిటికీ ఒకటే గీత గీస్తే మీ జవాబంతా ఆ గీతలోంచే వస్తది. ఒక అంకె మీద సందేహం రెండు శాతమే ఉండొచ్చు, ఇంకోదాని మీద పది రెట్లు ఉండొచ్చు.

పది రెట్లకి ఉదాహరణ సముద్రంలోనే ఉంది. థర్మోక్లైన్‌లో, అంటే లోతుకి పోయినకొద్దీ గబగబా చల్లబడే పొరలో, నీళ్లు నిలువునా ఎంత కలుస్తయన్నదానికి ఒక అంకె కావాలె, వర్టికల్ డిఫ్యూసివిటీ. 1966లో మంక్ అనే సముద్ర శాస్త్రవేత్త మొత్తం సముద్రం లెక్క సరిపెట్టి సెకండుకు 0.0001 చదరపు మీటర్లు అన్నడు. 1990ల మొదట్లో అట్లాంటిక్‌లో ఒక ట్రేసర్‌ని, అంటే జాడ పట్టగలిగే పదార్థాన్ని, నీళ్లలో వదిలి నెలల తరబడి వెంటబడి కొలిస్తే 0.00001 దగ్గరికి వచ్చింది. ఈ తేడా ఎంతో చేత్తో చూడండి. నెల రోజులంటే 25,92,000 సెకండ్లు. డిఫ్యూసివిటీని టైమ్‌తో, రెండుతో గుణించి వర్గమూలం తీస్తే వేడి ఎంత లోతుకి పాకిందో వస్తది. చిన్న అంకెతో 7 మీటర్ల చిల్లర, పెద్ద అంకెతో దాదాపు 23 మీటర్లు. తుఫాను పోయేదారిలో పై నీళ్లు ఎంత చల్లబడతయో ఇట్లాంటి కలయిక అంకెల మీదనే ఆధారపడి ఉంటది.

ఇంత పెద్ద రేంజ్ ఉన్నదానికి లాగ్ స్కేల్ మీదనే శాంపిల్ తీయాలె. 0.000001 నుంచి 0.0001 దాక మామూలుగా సమానంగా తీస్తే నూటికి 91 శాంపిళ్లు పై పది రెట్ల భాగంలోనే పడతయ్, కింది భాగాన్ని మీరు చూసినట్టే కాదు.

స్టెప్ 3: కోడ్ సిద్ధం చేయడం

ఈ అంకెలు చాలావరకు నేమ్‌లిస్ట్ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో ఉండయ్, ఫోర్‌ట్రాన్ లోపల పాతిపెట్టి ఉంటయ్. ప్రతిసారి మార్చి కంపైల్ చేస్తూ కూర్చుంటే పని తెమలదు. ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ పెట్టి, మోడల్ మొదలైనప్పుడు ఆ ఫైల్ చదువుకునేటట్టు నాలుగు లైన్లు రాయండి. తర్వాత డీఫాల్ట్ విలువలే ఫైల్‌లో పెట్టి నడిపి, మార్చని పాత కోడ్ అవుట్‌పుట్‌తో పోల్చండి, చివరి దశాంశం దాక ఒకటే రావాలె. ఒక్క బిట్ తేడా ఉన్నా ముందుకు పోకండి. ఒకే స్థిరాంకం రెండు మూడు చోట్ల విడివిడిగా రాసి ఉండటం మామూలే, ఒక చోట మార్చి ఇంకో చోట మర్చిపోతే మీరు నడిపేది ఏ ప్యారామీటర్ రన్నో మీకే తెల్వదు.

ఆగిన చోటు నుంచి మళ్లీ నడిపించే రీస్టార్ట్ ఫైల్ కనీసం ఆరు గంటలకొకటి రాయించండి. ఎండాకాలంలో సాయంత్రం గాలిదుమారం లేస్తే మా దగ్గర కరెంట్ ఎప్పుడు పోతదో, ఎప్పుడొస్తదో చెప్పలేం.

స్టెప్ 4: నాయిస్ ఎంతో ముందు కొలవండి

నేను పూర్తిగా బోల్తా పడ్డది ఇక్కడే, అందుకే జర ఎక్కువ రాస్తున్న. మొదట్లో ఎంట్రైన్‌మెంట్ అంకెని కొంచెం పెంచి నడిపిన, వాన గరిష్ఠం గోవిందరావుపేట వైపు నుంచి పరకాల వైపుకి వచ్చింది, అంకె గూడ మస్తు మారింది. కారణాలు రాసిన, పొడిగాలి ఎక్కువ లోపలికొచ్చింది, మేఘం బలహీనమైంది, అందుకే మెల్లగా పడమరకి జరిగింది అని. రెండు పేజీల వివరణ. ఒక సీనియర్ చదివి, ప్యారామీటర్ ఏదీ ముట్టకుండా మొదటి టైమ్‌లో ఉష్ణోగ్రతకి ఒక డిగ్రీలో నూరో వంతు కలిపి నడపమన్నడు. నడిపిన. గరిష్ఠం మళ్లీ అంతే దూరం జరిగింది. మొత్తం వివరణ తీసేయాల్సి వచ్చింది.

లోరెంజ్ 1963లో చూపించింది ఇదే, కొంచెం తేడాతో మొదలైన రెండు దారులు పోను పోను విడిపోతయ్. మేఘాల స్థాయిలో ఆ విడిపోవడం కొన్ని గంటల్లోనే అయితది. కాబట్టి ముందు డీఫాల్ట్ ప్యారామీటర్లతోనే, ఇనిషియల్ కండిషన్‌కి చిన్న చిన్న కదలికలిచ్చి కనీసం పది రన్లు నడపండి. మీ నాలుగు అవుట్‌పుట్ అంకెలు ఆ పది రన్లలో ఎంత చెదిరినయో స్టాండర్డ్ డీవియేషన్ తీసి కాగితం మీద రాసి గోడకి అంటించండి. అదే మీ నాయిస్. తర్వాత ఏ ప్యారామీటర్ మార్పు అయినా దానికంటే స్పష్టంగా పెద్దగా ఉంటేనే మాట్లాడాలె. పెట్టె సగటుకి నాయిస్ తక్కువగా ఉంటది, గరిష్ఠానికి చాలా ఎక్కువ, అందుకే స్టెప్ 1లో పెట్టె గీయమన్న. నాయిస్ ఎక్కువున్న అవుట్‌పుట్ కావాల్సిందే అంటే ప్రతి ప్యారామీటర్ సెట్‌కి మూడు నాలుగు ఇనిషియల్ కండిషన్లతో నడిపి సగటు తీయాలె, ఖర్చు అన్ని రెట్లు పెరుగుతది, తప్పదు.

స్టెప్ 5: స్క్రీనింగ్, ఉన్నవాటిలో ఏవి లెక్కలోకి వస్తయ్

పన్నెండు ప్యారామీటర్లు లిస్ట్‌లో ఉన్నయనుకుందాం. అందరికీ మొదట తట్టే పద్ధతి, అన్నీ డీఫాల్ట్‌లో పెట్టి ఒక్కోదాన్ని విడిగా మార్చడం. చేయడం సులువు, చూడ్డానికి గూడ నీట్‌గా ఉంటది, కానీ డీఫాల్ట్ చుట్టుపక్కల తప్ప ఇంకెక్కడా చూడదు. పది ప్యారామీటర్ల ఘనంలో లోపల పట్టే గోళం మొత్తం ఘనపరిమాణంలో 0.25 శాతమే, ఒక్కోదాన్ని విడిగా మార్చే పద్ధతి ఆ గోళం దాటి బయటకి పోనే పోదు. మూలల్లో రెండు మూడు ప్యారామీటర్లు కలిసి చేసే పని మీకు కనబడదు.

దానికి బదులు మోరిస్ పద్ధతి, 1991లో వచ్చింది. ఇదీ ఒకసారికి ఒక్క ప్యారామీటర్‌నే కదుపుతది గానీ ప్రతిసారి ఒక కొత్త చోటు నుంచి మొదలుపెట్టి, ఒక్కో అడుగు వేసుకుంటూ అన్ని ప్యారామీటర్లనీ దాటుతది. అట్లాంటి నడకలు పది తీస్తే రన్లు పది ఇంటూ పదమూడు, 130. ఒక్క రన్‌కి మీ వర్క్‌స్టేషన్‌లో ఐదు గంటలు పడితే 650 గంటలు, 27 రోజులు. వినడానికి ఎక్కువనిపిస్తది గానీ ఒక నెలలో తేలే పనే.

ఫలితంలో ప్రతి ప్యారామీటర్‌కి రెండు అంకెలు వస్తయ్. అడుగు వేసినప్పుడల్లా అవుట్‌పుట్ సగటున ఎంత కదిలింది, ప్లస్ మైనస్ గుర్తు తీసేసి, అది ఒకటి. ఆ కదలిక చోటుని బట్టి ఎంత మారింది, అది రెండోది. మొదటిది నాయిస్ కంటే చిన్నగుంటే ఆ ప్యారామీటర్‌ని లిస్ట్‌లోంచి తీసి డీఫాల్ట్‌లో పెట్టేయండి. రెండోది పెద్దగుంటే అది ఒంటరిగా పనిచేయట్లేదు, వేరేదానితో కలిసి పనిచేస్తున్నదని లేదంటే వంకరగా పనిచేస్తున్నదని అర్థం. పైథాన్‌లో సాలిబ్ అనే ఉచిత ప్యాకేజీ ఈ శాంపిళ్లు తీసిస్తది, తర్వాత లెక్క గూడ చేసిస్తది.

స్టెప్ 6: మిగిలిన ఐదారింటి మీద అసలు పని

నేరుగా సోబోల్ ఇండెక్స్‌లు, అంటే ఊపులో ఏ ప్యారామీటర్ వాటా ఎంతో చెప్పే అంకెలు, తీయాలంటే ఆరు ప్యారామీటర్లకి, వెయ్యి బేస్ శాంపిళ్లతో, 1000 ఇంటూ 8 (ఆరుకి రెండు కలిపి), అంటే 8000 రన్లు. ఐదు గంటల చొప్పున నాలుగున్నర ఏండ్లు పడతది. అందుకే మధ్యలో ఎమ్యులేటర్ పెడతం, మోడల్‌ని అనుకరించే చిన్న గణిత నమూనా.

ముందు లాటిన్ హైపర్‌క్యూబ్ తీరుగా శాంపిళ్లు తీయండి. 1979లో వచ్చిన పద్ధతి, ఆలోచన మాత్రం ఏ రైతుకైనా తెలిసిందే: పొలం మట్టి పరీక్షకి ఇస్తే ఒక్క మూల నుంచే తీయరు, ప్రతి సాలు నుంచి ఇంత తీస్తరు. ఇక్కడ గూడ ప్రతి ప్యారామీటర్ రేంజ్‌ని సమాన ముక్కలు చేసి, ప్రతి ముక్కలోంచి ఒక్కటి తప్పకుండా వచ్చేటట్టు చూస్తరు. ప్యారామీటర్‌కి పది రన్లన్నది మొదలుపెట్టడానికి మంచి లెక్క, ఆరింటికి 60. ఇంకో 15 విడిగా నడిపి పక్కన పెట్టండి, వాటిని ఎమ్యులేటర్‌కి చూపించొద్దు.

ఆ 60 మీద గాసియన్ ప్రాసెస్ ఎమ్యులేటర్ ఫిట్ చేయండి. దీంట్లో మంచి ఏందంటే అంచనా ఒక్కటే ఇవ్వదు, ఆ అంచనా మీద తనకెంత నమ్మకముందో గూడ చెప్తది. నాయిస్ పదం తప్పనిసరిగా కలపండి, స్టెప్ 4లో కొలిచిన అంకె ఇక్కడ పనికొస్తది, కలపకుంటే ఎమ్యులేటర్ గందరగోళాన్ని గూడ నిజమనుకొని ప్రతి పాయింట్ గుండా వంకరలు తిరుగుతది. తర్వాత పక్కన పెట్టిన 15 తీసి చూడండి. వాటిలో 14 దాక 95 శాతం హద్దుల లోపల పడాలె. నాలుగైదు బయట పడితే ఎమ్యులేటర్‌ని నమ్మకండి, ఎక్కడ తప్పుతున్నదో చూసి అక్కడ ఇంకొన్ని రన్లు వేయండి.

స్టెప్ 7: ఊపులో ఎవరి వాటా ఎంత

ఇప్పుడు ఎమ్యులేటర్ మీద వేల సార్లు లెక్క పెట్టినా నిమిషాల పని. సోబోల్ ఇండెక్స్ చెప్పేది ఒక్కటే, అవుట్‌పుట్ మొత్తం వేరియన్స్‌లో ఈ ప్యారామీటర్ వాటా ఎంత అని. కంప్యూటర్ ముట్టేముందు ఒకసారి చేత్తో చేయండి, అప్పుడే ఒంటబడతది.

తుఫాను గరిష్ఠ గాలివేగం, ఇమాన్యుయెల్ సిద్ధాంతం ప్రకారం, రెండు గుణకాల నిష్పత్తి వర్గమూలానికి అనుపాతంలో ఉంటది: పైన సముద్రం నుంచి గాలికి వేడి, తేమ ఎక్కించే గుణకం, కింద సముద్రం గాలిని పట్టి లాగే డ్రాగ్ గుణకం. మొదటిదాని మీద 20 శాతం, డ్రాగ్ మీద 40 శాతం సందేహం ఉందనుకుందాం. వర్గమూలం కాబట్టి గాలివేగం మీదికి సగం సగమే వస్తది, 10, 20. వేరియన్స్ అంటే వర్గాలు, 100, 400. మొత్తం 500లో డ్రాగ్ వాటా 80 శాతం. సందేహం రెట్టింపైతే వాటా నాలుగు రెట్లైంది చూడండి, స్టెప్ 2లో రేంజ్‌ల మీద అంత పట్టుబట్టింది దీనికే. డ్రాగ్ మీద అంత సందేహం ఊరికే అనుకున్నది గాదు, గాలి పెరిగినకొద్దీ అది పెరుగుతనే ఉంటదని చాలా కాలం మోడళ్లలో రాసుకున్నరు, 2003లో పావెల్ బృందం హరికేన్‌లలో విమానాల నుంచి వదిలిన సోండ్‌ల (కిందికి పడుతూ గాలిని కొలిచే పరికరాల) కొలతలతో సెకండుకు 33 మీటర్ల దగ్గర ఆ పెరుగుదల ఆగిపోతదని చూపించింది.

ఈ సముద్రం లెక్క మన ఊరికెందుకంటే, 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుఫాను నర్సాపురం దగ్గర తీరం దాటి, మర్నాడు మన వరంగల్, హనుమకొండలని ముంచింది. బంగాళాఖాతంలో పెట్టిన గుణకం తప్పైతే తప్పు తీరంలో ఆగదు.

ప్రతి ప్యారామీటర్‌కి ఒంటరి వాటా ఒకటి, మిగతావాటితో కలిసి మొత్తం వాటా ఒకటి వస్తయ్. రెండింటి మధ్య తేడా పెద్దగుంటే అది పొత్తు. నిర్ణయం మొత్తం వాటా చూసి తీసుకోండి.

సముద్రం వైపు లాప్‌టాప్‌లో చేయగలిగే కసరత్తు

పెద్ద మోడల్ ముట్టేముందు ఇది చేయమని నేను ప్రతి ఒక్కరికీ చెప్తున్న. జీఓటీఎం అని ఒక ఉచిత మోడల్ ఉంది, సముద్రంలో ఒకే ఒక నిలువు స్తంభాన్ని నడుపుతది. నెల రోజులు నడపడానికి సెకండ్లే పడతది, అంటే ఎమ్యులేటర్ లేకుండానే నిజమైన సోబోల్ 8000 రన్లూ ఒక రాత్రిలో అయిపోతయ్. బంగాళాఖాతంలో 15 డిగ్రీల ఉత్తరం, 90 డిగ్రీల తూర్పు దగ్గర రామా బాయ్ అనే తేలియాడే కొలత పరికరం ఉంది, గాలి, ఉష్ణోగ్రత, లవణీయత కొలుస్తది, మీ స్తంభాన్ని అక్కడ నిలబెట్టండి.

ఒక ప్యారామీటర్‌ని దగ్గరగా చూద్దాం, నీళ్ల స్వచ్ఛత. 1977లో పాల్సన్, సింప్సన్ ఇచ్చిన ఫార్ములాలో ఎండని రెండు భాగాలు చేస్తరు, ఒకటి పైపైనే ఆగిపోయేది, ఒకటి లోతుకి దిగేది. బాగా తేట నీళ్లకి, అంటే నీళ్ల స్వచ్ఛతని బట్టి జెర్లోవ్ చేసిన రకాల్లో మొదటిదానికి, లోతుకి దిగే భాగం 0.42, అది 23 మీటర్ల స్కేల్‌తో తగ్గుతది. బురద కలిసిన మూడో రకానికి 0.22, 7.9 మీటర్లు. 20 మీటర్ల లోతులో ఎంత ఎండ మిగిలిందో లెక్కేస్తే తేట నీళ్లలో 17.6 శాతం, మూడో రకంలో 1.7 శాతం. పది రెట్ల తేడా. వానాకాలంలో కాళేశ్వరం దగ్గర నిలబడి గోదావరిని చూడండి, ఎర్రగా మట్టి మోసుకొని పోతది, ఆ నీళ్లే తీరం దాటి బంగాళాఖాతంలో పరుచుకుంటయ్. అట్లాంటి నీళ్లకి మోడల్‌లో మొదటి రకం డీఫాల్ట్ పెట్టి ఉంటే ఎండ లోతుకి పోతది, ఉపరితలం చల్లగా కనబడతది.

ఇంకో పొత్తు గూడ ఇక్కడే దొరుకుతది. నది నీళ్ల వల్ల పైన తక్కువ ఉప్పున్న పలచటి పొర ఉంటది, దాని కింద బ్యారియర్ లేయర్, పై నీళ్లని లోతు చల్లనీళ్లతో కలవనీయని పొర. ఆ పొర పలచగా ఉన్నప్పుడు స్వచ్ఛత అంకె పెద్ద మాట. కేపీపీ అనే, సముద్రంలో నీళ్ల కలయికని లెక్కగట్టే పద్ధతిలో క్రిటికల్ రిచర్డ్‌సన్ అంకె, డీఫాల్ట్ 0.3, దాన్ని పెంచితే మిక్సింగ్ లోతుకి పోయి పొర మందమైతది, అప్పుడు ఎండ ఎక్కడ ఆగినా అంతా కలిసిపోతది, స్వచ్ఛత వాటా తగ్గిపోతది. రెండింటినీ విడివిడిగా మార్చే పద్ధతిలో ఇది ఎప్పటికీ బయటపడదు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో ఉన్న సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు బంగాళాఖాతానికి రోమ్స్ (ROMS) లాంటి పూర్తి మోడళ్లు నడుపుతరు, స్తంభంలో పట్టుదొరికినంక ఆ స్థాయి పని అర్థమైతది.

స్టెప్ 8: కొలతలతో కలిపి వడపోత

ఇప్పటిదాక ఊపు కొలిచినం, ఇగ ఏ ప్యారామీటర్ సెట్లు నిజానికి దూరమో తీసేయాలె. దీన్ని హిస్టరీ మ్యాచింగ్ అంటరు. ఒక్క "బెస్ట్" సెట్ వెతకడం కంటే ఇది మంచిదని నా గట్టి అభిప్రాయం, ఎందుకంటే రెండు తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకొని సరైన అంకె రావచ్చు.

లెక్క ఇట్ల. పెట్టె సగటు వాన కొలతల్లో 200 మిల్లీమీటర్లు అనుకుందాం. కొలత సందేహం 20, మోడల్ స్ట్రక్చర్ సందేహం 25, ఎమ్యులేటర్ సందేహం 15. వర్గాలు కూడితే 400, 625, 225, మొత్తం 1250, వర్గమూలం 35 చిల్లర. ఒక సెట్‌కి ఎమ్యులేటర్ 140 చెప్పింది, తేడా 60, భాగిస్తే 1.7, ఉంచండి. ఇంకోటి 80 చెప్పింది, తేడా 120, భాగిస్తే 3.4, మూడు దాటింది, తీసేయండి. మిగిలిన జాగాలో మళ్లీ శాంపిళ్లు, మళ్లీ ఎమ్యులేటర్, రెండు మూడు విడతలు.

స్ట్రక్చర్ సందేహాన్ని సున్నా పెట్టకండి. పెడితే మంచి సెట్లు గూడ పోతయ్, కొన్నిసార్లు ఒక్కటీ మిగలదు. దాన్ని అంచనా కట్టడానికి ఒక దారి, మైక్రోఫిజిక్స్ పద్ధతిని రెండు మూడు రకాలుగా మార్చి నడిపి తేడా చూడటం. కొలత సందేహం గూడ నిజాయితీగా పెట్టండి. తెలంగాణ ప్రణాళికా సంస్థ టీజీడీపీఎస్ వాళ్ల ఆటోమేటిక్ స్టేషన్లు మండలాల్లో దగ్గర దగ్గరగా ఉన్నయ్, అది మనకి పెద్ద అండ, కానీ చిన్న బకెట్ నిండి ఒరిగినప్పుడల్లా లెక్కేసే టిప్పింగ్ బకెట్ గేజ్ మరీ ఉధృతమైన వానలో తక్కువ లెక్కిస్తది. వాతావరణ శాఖ గ్రిడ్ డేటా 0.25 డిగ్రీలు, అంటే 25 కిలోమీటర్ల పైనే, గరిష్ఠం అందులో చదునైపోతది.

ఈ వడపోత ఎంత అవసరమో క్లైమేట్ వైపు ఒక పని చూపించింది. క్లైమేట్‌ప్రెడిక్షన్ డాట్ నెట్ అని 2003లో మొదలైంది, జనం ఇండ్లలో ఖాళీగా ఉన్న కంప్యూటర్ల మీద మోడల్ నడిపిస్తరు. 2005లో వాళ్లు రెండు వేలకు పైగా సిమ్యులేషన్ల ఫలితం ఇచ్చినరు: కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే వేడి ఎంత పెరుగుతదన్నది ప్యారామీటర్లని బట్టి 2 డిగ్రీల లోపు నుంచి 11 డిగ్రీల పైదాక పోయింది. అందులో గూడ ఎంట్రైన్‌మెంట్ అంకెదే పెద్ద పాత్ర. 2021 ఐపీసీసీ నివేదిక అనేక రకాల కొలతలతో కలిపి చూసి 2.5 నుంచి 4 డిగ్రీలకు బిగించింది. మోడల్ ఒక్కటే చెప్పలేనిది కొలతలు కలిస్తే చెప్పగలిగింది.

స్టెప్ 9: ఒక్క వానతో ఆగకండి

2023 జులై వానకి సరిపోయిన సెట్లు వేరే వానకి పనికొస్తయా చూడాలె. 2022 జులైలో వారం పాటు కురిసి భద్రాచలం దగ్గర గోదావరిని 71.3 అడుగులకి తెచ్చిన వాన ఉంది, 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 రోజుల్లో మహబూబాబాద్, ఖమ్మం వైపు పడ్డది ఉంది, మొంథా ఉంది. రకాలు వేరు, ఒకటి రుతుపవన అల్పపీడనం, ఒకటి తుఫాను మిగులు. వాన పడుతదని మోడళ్లు చెప్పి పడని రోజులు గూడ రెండు మూడు కలపండి, లేకుంటే ఎప్పుడూ ఎక్కువ వాన చూపించే సెట్లే గెలుస్తయ్. ఒక వానలో 70 శాతం వాటా ఉన్న ప్యారామీటర్ ఇంకోదాంట్లో 20కి పడిపోతే దాన్ని దాచకండి, రెండు అంకెలూ పట్టికలో పెట్టండి.

స్టెప్ 10: ఫలితం రాసేటప్పుడు

వడపోతలో మిగిలిన సెట్లలోంచి ఇరవై ముప్పై తీసి నిజమైన మోడల్‌ని నడపండి, ఎమ్యులేటర్ అంకెలతోనే చివరి మాట చెప్పకండి. ఆ రన్లలో 200 మిల్లీమీటర్లు దాటినవి ఎన్ని అన్నది, పెట్టె సగటు 10వ, 50వ, 90వ పర్సెంటైల్, నాయిస్ ఎంత, ఊపులో ఏ ప్యారామీటర్ వాటా ఎంత, ఇంతే. రేంజ్‌లు ఎక్కడి నుంచి తెచ్చినరో ప్రతి ప్యారామీటర్ పక్కన ఒక లైన్ రాయండి, ఎవరైనా ఒప్పుకోకపోతే ఆ లైన్ దగ్గరే అడుగుతరు. ప్యారామీటర్ ఫైళ్లు, ర్యాండమ్ సీడ్‌లు, కంపైలర్ వెర్షన్ అన్నీ ఒకే ఫోల్డర్‌లో భద్రం చేయండి, మోడల్ అవుట్‌పుట్ టెరాబైట్లు దాచలేకపోయినా ఇవి కొన్ని మెగాబైట్లే.

నీటిపారుదల వాళ్లకో, మండలం ఆఫీసుకో చెప్పాల్సొస్తే సోబోల్ మాట ఎత్తొద్దు. "ముప్పై రన్లలో పద్దెనిమిది ఈ పెట్టెలో ఎక్కడో ఒకచోట 200 దాటినయ్, ఏ వాగు మీద పడుతదో చెప్పలేం, రాత్రి రెండు నుంచి ఆరు మధ్యలో ఎక్కువ" అని చెప్పండి, వాళ్లకి ఏ చెరువు దగ్గర మనిషిని పెట్టాలో వాళ్లే చూసుకుంటరు.